మేనమామ ఏడీ?

అక్కాతమ్ముళ్ల ప్రేమ, ఆస్తి లెక్క, పెళ్లి వరుస... మూడూ కలిసిన పిలుపు ఇది. ఇళ్లలో పిల్లలు తగ్గిపోతున్న ఈ రోజుల్లో మేనమామ పీట మీద ఎవరు కూర్చుంటున్నారు? ఆ పీటతో పాటు మనం మోసుకొస్తున్న బరువుల్లో ఏవి దించుకోవాలి?

వేములవాడ రాజన్న గుడి కల్యాణకట్ట. సోమవారం కావడంతో తెల్లవారకముందే కిటకిటలాడుతోంది. నేలంతా తడి. ఎక్కడ చూసినా కత్తిరించిన వెంట్రుకలు. ఏడాది నిండని పిల్లాడొకడు తల్లి మెడ కరుచుకుని గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. కత్తెర చేతిలో పట్టుకున్న పెద్దాయన తలెత్తి అడిగాడు: ‘‘పిలగాని మేనమామ ఏడి? జర ముందుకు రమ్మనుండ్రి.’’

నాయనమ్మ అటూ ఇటూ చూసింది. పిల్లాడి తల్లి ఒక్కతే కూతురు. తోడబుట్టినవాళ్లు లేరు. ఇంతలో వెనక నుంచి బట్టల సంచి భుజానికి తగిలించుకున్న కుర్రాడు జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. ‘‘నేనున్న గద అక్కా! నేను కూసుంట’’ అంటూ పీట మీద చతికిలబడ్డాడు. ఆమెకు పెదనాన్న కొడుకు. పిల్లాణ్ని ఒడిలోకి తీసుకుని, కళ్లలో నీళ్లు పడకుండా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి, తొలి కత్తెర తనే వేశాడు. సంచిలోంచి కొత్త బట్టలు, వెండి మొలతాడు తీసి అక్క చేతిలో పెట్టాడు.

వేములవాడ, తిరుమల, శ్రీశైలం, యాదగిరిగుట్ట... పుట్టువెంట్రుకలు తీయించే ఏ గుడికి వెళ్లినా ఇప్పుడు ఇలాంటి వెతుకులాట కనిపిస్తుంది. పిల్లలు తగ్గిపోతున్నారన్న మాట ఇన్నాళ్లూ జనాభా లెక్కల్లో వినేవాళ్లం. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఎత్తేసే బిల్లులు ఆమోదించాక అది రచ్చబండ దాకా వచ్చింది. బడులు మూతపడటం, పెద్దల్ని చూసుకునేవాళ్లు లేకపోవడం గురించి మాట్లాడుతున్నాం. బంధువుల వరుసల్లో పడుతున్న ఖాళీ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ ఖాళీ ముందుగా కనిపించేది మేనమామ పీట దగ్గరే.

‘మేన’ ఎక్కడ చేరుతుంది?

అమ్మ అక్క పెద్దమ్మ. చెల్లెలు పిన్ని. నాన్న అన్న పెదనాన్న, తమ్ముడు చిన్నాన్న లేదా బాబాయి. వీళ్లంతా ఏదో ఒక రకంగా అమ్మానాన్నలే. వీళ్ల పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అమ్మ తోడబుట్టినవాడి దగ్గరకు, నాన్న తోడబుట్టినదాని దగ్గరకు వచ్చేసరికి మాట మారిపోతుంది. ఆయన మేనమామ, ఆమె మేనత్త. వాళ్ల పిల్లలు మేనబావలు, మేనమరదళ్లు. ఆ మామకూ, అత్తకూ మనం మేనల్లుడు, మేనకోడలు.

‘మేన’ చేరిన మాటలన్నీ వరసగా పెట్టి చూడండి. ప్రతిదాని వెనకా ఒక అన్నాచెల్లెలో, ఒక అక్కాతమ్ముడో ఉంటారు. ఒక ఇంట్లో పుట్టి, వేర్వేరు ఇళ్లకు చేరిన ఆ ఇద్దరి మధ్య దారం తెగకుండా కట్టిన మాటలివి.

మరో సంగతి. మామ అంటే పిల్లనిచ్చిన మామ కూడా. అత్త అంటే మొగుడి తల్లి కూడా. అల్లుడు, కోడలు సరేసరి. పుట్టుకతో వచ్చిన ఈ బంధువులకూ పెళ్లితో వచ్చిన బంధువులకూ తెలుగు ఒకే మాట వాడుతుంది. ఒకప్పుడు ఆ రెండూ చాలా ఇళ్లలో ఒకటే కాబట్టి. అక్కను ఇచ్చిన ఇంటికే కూతురినీ ఇచ్చేవారు, అక్కడి నుంచే కోడలినీ తెచ్చుకునేవారు. మన పల్లెల్లో భార్య భర్తను ‘మావా’ అనీ, ‘బావా’ అనీ పిలవడం సినిమావాళ్లు పుట్టించింది కాదు. పెళ్లికి ముందు పిలిచిన పిలుపే పెళ్లయ్యాకా కొనసాగింది.

> అమెరికా పండితుడికి దొరికిన వరుసలు
> లూయీ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా పండితుడు 1871లో ప్రపంచంలోని బంధుత్వ పదాల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులోని పట్టికల్లో తమిళం, తెలుగు, కన్నడ వరుసలు కూడా ఉన్నాయి. పెదనాన్న, చిన్నాన్న తండ్రిలో లెక్క, మేనమామ వేరే లెక్క అన్న ఈ పద్ధతి ఉత్తర అమెరికాలోని సెనెకా ఆదివాసుల వరుసలను చాలావరకు పోలి ఉండటం ఆయన్ను ఆశ్చర్యపరిచింది. తర్వాత ఈ విషయం మీద లోతుగా పనిచేసిన థామస్ ట్రౌట్‌మన్ ‘ద్రవిడియన్ కిన్‌షిప్’ పుస్తకం 1981లో వచ్చింది.

మామతోనే ఆటలు

బాబాయి ముందు నోరెత్తని పిల్లలు మామయ్య భుజాలెక్కి తొక్కుతారు. నాన్నతో చెప్పలేని పరీక్ష మార్కులు ముందు మామకు చెబుతారు. బావామరదళ్ల సరసం, మామా అల్లుళ్ల వేళాకోళం మన ఇళ్లలో తప్పు కాదు. అన్నతో, పెదనాన్నతో ఆ చనువు కుదరదు. హైదరాబాద్ కాలేజీ కుర్రాళ్లు ఒకరినొకరు ‘ఏం మామా’ అనుకోవడం, గోదావరి జిల్లాల స్నేహితులు ‘ఒరేయ్ బావా’ అని భుజం మీద చెయ్యి వేయడం ఆ చనువు చలవే. అన్నా అంటే గౌరవం. మామా అంటే మనోడు.

ఆకాశంలో చంద్రుణ్ని కూడా మామను చేసుకున్నాం. పాలసముద్రంలోంచి లక్ష్మీదేవితో పాటు పుట్టాడు కాబట్టి ఆమెకు తోబుట్టువు. ఆమె లోకమాత కనుక లోకంలోని పిల్లలందరికీ మేనమామ. ‘చందమామ’ అన్న ఆ పేరుతోనే 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి పిల్లల పత్రిక మొదలుపెట్టారు. పదేళ్లకు, 1957లో, అదే జంట విజయా సంస్థలో నిర్మించిన ‘మాయాబజార్’ కథంతా మేనరికమే. అభిమన్యుడికి శశిరేఖ మేనమామ బలరాముడి కూతురు. వ్యాస భారతంలో ఈ శశిరేఖ కథ లేదు. జనం అల్లుకున్నది. అలా అల్లుకోవడంలోనే ఆ వరుస మీద మనకున్న మక్కువ తెలుస్తుంది.

పురాణాల్లో మేనమామలంతా మంచివాళ్లేం కాదు. చెల్లెలి బిడ్డల్ని చంపిన కంసుడున్నాడు. పాచికలు చేతపట్టిన శకుని ఉన్నాడు. నకుల సహదేవుల మేనమామ శల్యుడు దుర్యోధనుడి ఆతిథ్యానికి లొంగి అవతలి పక్షాన నిలబడ్డాడు. మరోవైపు అభిమన్యుడికి మేనమామ శ్రీకృష్ణుడు. మామ అండ ఎంత బలమో, ఆ అండ చేటుగా మారితే ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి.

బిడ్డ పుట్టిన గడియ నుంచీ...

మేనమామ పని బిడ్డ పుట్టకముందే మొదలవుతుంది. కాన్పుకు చెల్లెలిని తీసుకురావాలి. ఆసుపత్రి గుమ్మం దగ్గర రాత్రంతా కూర్చోవాలి. చెవులు కుట్టేటప్పుడు బిడ్డ ఉండాల్సింది ఆయన ఒడిలోనే. కంసాలి చెయ్యి దగ్గరకు రాగానే గింజుకునే తలను రెండు అరచేతుల మధ్య కదలకుండా పట్టుకోవాలి. ఓణీల వేడుకకు పట్టుబట్టలు తేవాలి. పెళ్లిలో గౌరీపూజ ముగించుకున్న పెళ్లికూతురిని వెదురు గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాలి. ఫోటోల్లో ఆ గంప ఎంత తేలిగ్గా కనిపిస్తుందో! పట్టుచీర, నగలు, చేతిలో కొబ్బరిబోండాం ఉన్న పెళ్లికూతుర్ని మోసేటప్పుడు మామల మెడనరాలు ఉబ్బడం, పక్కనున్నవాడు ‘బావా, జాగ్రత్త, మెట్టు’ అని అరవడం దగ్గర నుంచి చూసినవాళ్లకే తెలుసు.

తెలంగాణలో ఒడిబియ్యం మరో ఘట్టం. పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోస్తారు. కొత్త చీర, రవిక, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు. తల్లిదండ్రులు పోయాక ఆ పని అన్నదమ్ములది. పుట్టింటి నుంచి ఒడిబియ్యం పిలుపు వచ్చిందంటే, డెబ్బై ఏళ్ల ముసలమ్మ కూడా పది ఊళ్లకు వినిపించేలా చెప్పుకుంటుంది.

> గండం మామకేనా?
> బిడ్డ రోహిణి నక్షత్రంలో పుడితే మేనమామకు కీడంటారు. కృష్ణుడి నక్షత్రం అది, కంసుడి గతి గుర్తుంది కదా. పేగు మెడలో వేసుకుని పుట్టినా, పైపళ్లు ముందొచ్చినా ‘మామకు గండం’ అంటారు. శాంతి చేయించి, బిడ్డ ముఖాన్ని ముందు నూనెలో నీడగా చూశాకే మామ నేరుగా చూడాలన్నది ఆచారం. బొడ్డుపేగు మెడకు చుట్టుకోవడం వైద్యులకు నిత్యం కనిపించే విషయం. ప్రతి నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో ఉంటుంది. ఎక్కువమంది బిడ్డలు ఏ ఇబ్బందీ లేకుండా పుడతారు. మామకు ఏమీ కాదు. బిడ్డను చూడాలని పరుగెత్తుకొచ్చిన తమ్ముణ్ని వాకిట్లో ఆపి ‘ఆగు, నూనె గిన్నె తేనీ’ అంటే బాధపడేది బాలింతే.

సారె వేరు, వాటా వేరు

ఇంత పెట్టుబడి మేనమామ ఎందుకు పెడుతున్నాడు? ప్రేమ ఒక కారణం. ఇంకోటి ఉంది, దాన్ని పైకి చెప్పుకోం. తాతల నాటి పొలం మగపిల్లలకే వచ్చేది. అందులో అక్కచెల్లెళ్లకు భాగం లేదు. భూమిలో రానిది పండక్కో చీర, కాన్పుకో సారె, మేనకోడలి పెళ్లికో గొలుసు రూపంలో ఇచ్చుకునేవారు. పొలం తమ్ముడిది, పుట్టింటి గుమ్మం అక్కది.

ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకూ ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005లో కేంద్రం దేశమంతటికీ ఆ హక్కును విస్తరించింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నారా లేదా అన్నదానితో పని లేకుండా కూతురికి పుట్టుకతోనే హక్కు ఉందని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట చెట్టు కింద ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. తండ్రి పోయిన కొన్నాళ్లకు అక్కచెల్లెళ్లను కారులో తీసుకొస్తారు. హక్కు విడుదల పత్రం మీద సంతకాలు పెట్టిస్తారు. దారిలో టిఫిన్ పెట్టిస్తారు, ఇంటికొచ్చాక చీరలు పెడతారు. కాదంటే? పుట్టింటి దారి మూసుకుపోతుంది. రేపు బిడ్డ పెళ్లిలో గంప మోసే మామ ఉండడు. ఆ భయంతోనే ఎంతోమంది ఆడవాళ్లు సంతకం పెడతారు. ఇష్టంతో వదులుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట వేరు. అయినా మేనమామ ప్రేమను వాటాకు బదులుగా చూపడం న్యాయం కాదు. అక్క వాటా అక్కకిచ్చి, ఆ తర్వాత మేనకోడలికి పట్టుచీర పెట్టిన తమ్ముళ్లు కూడా మన ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లను చూసి నేర్చుకోవాలి.

మేనరికం అసలు లెక్క

ఇక ఈ మాటకు ఉన్న అతి బరువైన అర్థం దగ్గరకొద్దాం. ‘నీ కూతురు పుడితే నా కొడుక్కే’ అని అన్నాచెల్లెళ్లు అనుకోవడం, ఉయ్యాలలో పడుకున్న పిల్లను చూసి ‘ఇది మా తమ్ముడి పెళ్లాం’ అని అక్క మురిసిపోవడం. ఈ రివాజు వేల ఏళ్ల నాటిది. మేనమామ కూతురినీ, మేనత్త కూతురినీ పెళ్లాడటం దక్షిణాదివారి ఆచారమని బౌధాయన ధర్మసూత్రమే చెప్పింది. సుభద్రార్జునులదీ మేనరికమే. కుంతి వసుదేవుడి తోబుట్టువు.

దీనికి కారణాలు లేకపోలేదు. భూమి ముక్కలవ్వదు. పిల్ల కళ్లముందే ఉంటుంది. అత్తగా వచ్చేది సొంత మేనత్తో, అమ్మమ్మో. కట్నం గొడవ తక్కువ. అలా చేసుకుని నిండుగా బతికిన జంటలు ప్రతి ఊరిలోనూ ఉంటాయి. ఆ దంపతుల్ని చిన్నబుచ్చడం ఈ కథనం ఉద్దేశం కాదు.

అయినా ఒంట్లో జరిగేది ఆచారం చూసి జరగదు. ప్రతి మనిషిలోనూ పనిచేయని జన్యువులు కొన్ని దాగి ఉంటాయి. ప్రతి జన్యువూ రెండేసి ఉంటుంది కాబట్టి ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. తల్లిదండ్రులిద్దరిలోనూ అదే జన్యువు చెడి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పరాయివాళ్లు పెళ్లాడితే ఇద్దరిలోనూ అదే లోపం ఉండటం అరుదు. మేనబావ, మేనమరదలి మధ్య జన్యువుల్లో సుమారు 12.5 శాతం ఉమ్మడి. మేనమామ, మేనకోడలి మధ్య 25 శాతం. అంటే అక్క కూతురిని చేసుకోవడంలో ముప్పు రెట్టింపు. మామూలు దంపతుల బిడ్డల్లో పుట్టుకతో వచ్చే తీవ్ర లోపాలు 2, 3 శాతం కనిపిస్తే, మేనబావ మరదళ్ల బిడ్డల్లో అది 4 నుంచి 6 శాతం దాకా ఉంటుంది. నూటికి తొంభై నాలుగు మంది ఆరోగ్యంగానే పుడతారు. అందుకే ‘మా తాతా నాయనమ్మలదీ మేనరికమే, మాకేమైంది’ అన్న మాట అంత తేలిగ్గా నోటికొస్తుంది. మిగిలిన ఆ కొద్దిమంది ఇళ్లల్లోకి వెళ్లి చూడాలి. పుట్టుచెవుడు, రక్తం ఎక్కించుకుంటూ బతకాల్సిన తలసీమియా, కండరాలు చచ్చుబడే జబ్బులు. బిడ్డ పిలిస్తే పలకడం లేదని గుర్తించేసరికి ఏడాదిన్నర గడిచిపోతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి తిరుగుడు. పైగా నింద అంతా తల్లి మీదే పడుతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశం మొత్తం మీద రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లు 11 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగోవంతు. తెలంగాణలో అంతకంటే తక్కువ, అయినా దేశ సగటు కంటే ఎక్కువే. తమిళనాడు, కర్ణాటక కూడా మన దారిలోనే ఉన్నాయి. దక్షిణాదిలో కేరళ మాత్రం వేరు.

> చట్టం ఏమంటోంది?
> హిందూ వివాహ చట్టం (1955) ప్రకారం మేనమామ, మేనకోడలి పెళ్లి, అన్నాచెల్లెళ్ల పిల్లల పెళ్లి నిషిద్ధ బంధుత్వాల కిందికే వస్తాయి. ఇరుపక్షాల ఆచారం ఒప్పుకుంటే మాత్రం చెల్లుతాయని ఐదో సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. మన ప్రాంతంలో ఈ పెళ్లిళ్లు చట్టబద్ధమవుతున్నది ఆ మినహాయింపు వల్లే. వయసు నిబంధన అందరికీ ఒకటే: అమ్మాయికి 18, అబ్బాయికి 21.

జన్యువుల కంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకోటుంది. మామకు పాతికేళ్లు, మేనకోడలికి పదేళ్లు. చిన్నప్పటి నుంచీ ఎత్తుకుని తిప్పినవాడే, చెవులు కుట్టించినవాడే. ఆ పిల్లకు పద్దెనిమిది రాగానే ‘మామకే ఇస్తున్నాం’ అంటారు. ఆ పిల్లను అడిగేవారుండరు. కాదంటే అమ్మకూ మామకూ మధ్య బంధం తెగిపోతుందని బెదిరిస్తారు. చదువు మధ్యలో ఆగిపోతుంది. ఏ కష్టమొచ్చినా చెప్పుకోవడానికి పరుగెత్తాల్సిన మనిషే మొగుడైతే, ఇంట్లో గొడవొస్తే ఆమె ఎవరి దగ్గరకు పోవాలి?

పెళ్లి లేకపోయినా మామే

మేనరికం మానేస్తే మేనమామ విలువ పోతుందని పెద్దలు కొందరు దిగులుపడతారు. రాజస్థాన్ వైపు చూడండి. అక్కడ మామ కూతురు చెల్లెలితో సమానం, పెళ్లి మాటే లేదు. అయినా మేనల్లుడి, మేనకోడలి పెళ్లికి మేనమామ తెచ్చే ‘మాయరా’ ఊరంతా చూసే వేడుక. తమ్ముడి నుదుట అక్క తిలకం దిద్ది ఇంట్లోకి పిలుస్తుంది. అహ్మదాబాద్ రథయాత్రలో జగన్నాథుడికి సరస్‌పూర్ మేనమామగారి ఊరు. అక్కడ ఆయనకు కానుకలు పెడతారు. పెళ్లి వరుస లేకుండానే మామ అంత గౌరవంగా ఉన్నాడు.

ఖాళీ పీటలు

2019-21 సర్వేలో ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇద్దరే పిల్లలున్న ఇంట్లో ఆడపిల్లకు సోదరుడు ఉండే అవకాశం సగం. ఒక్కతే కూతురైతే ఆ మాటే లేదు. ఆమెకు పుట్టే బిడ్డకు తల్లి తోడబుట్టిన మామ ఉండడు. ఒకవేళ ఉన్నా ఏ డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో సెలవు దొరక్క, వీడియో కాల్‌లో అక్షింతలు చల్లుతుంటాడు.

ఇక్కడే మన వరుసల గొప్పతనం పనికొస్తుంది. అమ్మకు పెదనాన్న కొడుకూ, పిన్ని కొడుకూ అన్నదమ్ములే కదా. అంటే బిడ్డకు వాళ్లూ నిజమైన మేనమామలే. వేములవాడలో ఆ కుర్రాడు ఎవరి పీటా అరువు తెచ్చుకోలేదు, తన పీట మీదే కూర్చున్నాడు. ఇంగ్లిష్ మాట అలవాటై పిల్లలు వీళ్లందరినీ ‘అంకుల్’ అని ఒకే గాటన కట్టేస్తున్నారు. పక్కింటాయనా అంకులే, అమ్మకు పిన్ని కొడుకూ అంకులే. అలా పిలిచిన బిడ్డకు రేపు అవసరమొచ్చినప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలియదు. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి ఎవరు ఏ వరుసో పిల్లలకు చెప్పించండి, వాళ్ల చేత అలాగే పిలిపించండి.

మీ ఇంట్లో మేనరికం మాట ఇప్పటికే నడుస్తుంటే ముహూర్తానికి ముందు జన్యు సలహా కేంద్రానికి వెళ్లండి. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రిలోనూ, డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ సహకారంతోనూ ఈ సేవలున్నాయి. రెండు కుటుంబాల్లో ఎవరికైనా పుట్టుకతో లోపాలున్నాయా, చిన్న వయసులో బిడ్డలు పోయారా అన్నది దాచకుండా చెప్పండి. పెళ్లి అయిపోయినవాళ్లు గర్భం రాకముందే వెళ్లాలి. పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష తప్పనిసరిగా చేయించాలి.

చివరగా మేనమామలకే ఒక మాట. ‘మేనకోడలిని నీకే అనుకున్నాం’ అని ఇంట్లో ఎవరైనా అంటే, ఆ పిల్ల కాదనేదాకా ఆగకండి. ముందు మీరే వద్దని చెప్పండి. ఆ మాట ఆ పిల్ల నోటి నుంచి వస్తే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. మీరు చెబితే మీ అక్క వింటుంది.